ఈ నీరు ఎక్కడిది?

మెట్టు మీంచి కుడికాలు దింపుతావు. పలక తగలాల్సిన చోట నీరు తగులుతుంది.

చీలమండ మునిగేంత నీరు. టార్చి వేస్తావు. నల్లటి నీటి మీద డీజిల్ తెట్టు రంగురంగులుగా తిరుగుతోంది. అడుగు పలక ఒకటి తేలిపోయి, బోటు ఊగినప్పుడల్లా వచ్చి నీ పిక్కకి కొట్టుకుంటోంది. ఇంజను గదిలో ఎప్పుడూ ఉండే వేడే, ఎప్పుడూ ఉండే కమురు వాసనే. నీరొక్కటే కొత్తది.

ఇది జూన్ 15 తెల్లవారుజాము. వేట నిషేధం నిన్న అర్ధరాత్రితో తీరింది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉన్న బోటు ఇది. ఐసు ఎక్కించారు, ట్యాంకు నిండా డీజిల్ కొట్టించారు. పన్నెండు దాటగానే అందరితో పాటు మీరూ తాడు విప్పారు. మూడు గంటలైంది. ఇంతకుముందు పైన నిలబడ్డప్పుడు డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు వెనకవైపు కనబడుతూనే ఉంది గానీ, ఊరి దీపాలు సగం ఆరిపోయాయి. నువ్వు ఈ బోటుకి ఇంజను డ్రైవరువి. పైన చుక్కాని పట్టుకున్న సరంగు నీకు వరసకి మావ.

"అల్లుడూ! బోటు బరువుగా పోతందేట్రా?"

"నీరొచ్చింది మావా. పలకలు మునిగాయి."

పైనుంచి జవాబు లేదు. ఇంజను మాత్రం మోగుతూనే ఉంది.

టార్చి ముందుకి తిప్పుతావు. ఇంజను ముక్కు దగ్గర తిరుగుతున్న పెద్ద పుల్లీ అంచు నీటిని తాకి తాకి విసురుతోంది. ఆ తుంపర డైనమో మీద పడుతోంది, నీ మొహాన పడుతోంది. కళ్లు మండుతున్నాయి. నీరు ఇంకో జానెడు లేచిందంటే బ్యాటరీలకి అందుతుంది. బ్యాటరీలు పోతే లైట్లు పోతాయి, రేడియో పోతుంది, ఆపిన ఇంజను మళ్లీ లేవదు.

ముందు ఇంజను ఆపేద్దామని నీ చెయ్యి ఆపే తీగ దాకా పోతుంది. అక్కడే ఆగుతుంది. ఎందుకంటే అడుగు నీటిని బయటికి తోడే పంపు ఈ ఇంజను బెల్టు మీదే తిరుగుతోంది. ఇంజను ఆపితే తోడటం ఆగుతుంది. ఆపకపోతే? సముద్రపు నీటిని లోపలికి లాగే పంపు కూడా ఈ ఇంజను మీదే తిరుగుతోంది. పగిలింది దాని గొట్టమే అయితే, ఇంజను తిరిగినంతసేపూ నీ చేత్తో నువ్వే సముద్రాన్ని బోట్లో పోసుకుంటున్నట్టు లెక్క.

రెండింట్లో ఏదో తేలకుండా పానా పట్టుకుని లాభం లేదు.

ఇంజను కాస్త నెమ్మది చేస్తావు. వేడి చూపే ముల్లు మీద టార్చి వేస్తావు. మామూలుగా 80 దగ్గర కదలకుండా ఉండే ముల్లు 95 మీద ఉంది. మెట్ల మీద కూర్చుని తొంగిచూస్తున్న కుర్రాణ్ణి కేకేస్తావు.

"ఒరే, కుడిపక్కన గొట్టంలోంచి నీళ్లు పడతన్నాయా? సూసి సెప్పు."

వాడు పరుగెత్తి వెళ్లి అంచు మీంచి వంగి చూసి వస్తాడు. "పడతన్నాయన్నా. సన్నంగా. ఉచ్చ పోసినట్టు."

ఆ ధార బొటనవేలంత లావున పడాలి. ఇంజను లోపల తిరిగేది మంచినీరు. ఉప్పునీరు తిప్పితే ఇనుమంతా తినేస్తుందని దాన్ని లోపలికి రానివ్వరు. సముద్రపు నీరు పక్కనున్న కూలర్ వరకే వస్తుంది. కూలర్‌లో సన్నటి లోహపు గొట్టాల గోడకి ఒకపక్క మంచినీరు, ఒకపక్క ఉప్పునీరు. వేడిని అందించుకుంటాయే తప్ప ఒకదాన్నొకటి తాకవు. వేడెక్కిన ఉప్పునీరు బోటు పక్కనుంచి బయటికి దూకేస్తుంది. కుర్రాడు చూసొచ్చింది ఆ దూకుడునే. అది సన్నబడింది, ముల్లు లేచింది, కాళ్ల కింద నీరుంది. బయటికి పోవలసిన నీరు దారిలో ఎక్కడో లోపలే పడుతోందేమో.

ఏమో అనే అనుకో. ఇంకా తేలలేదు.

వంగి నీటిలో చెయ్యి పెడతావు. చల్లగా ఉంది. వేలు నాలుక్కి తాకించి ఉమ్మేస్తావు. ఉప్పు. (నీ ఇంజనులో మంచినీరు తప్ప ఏమీ పొయ్యలేదు గనక నాలుక వాడావు. రంగు కూలెంట్ పోసిన ఇంజనైతే ఈ పని చెయ్యకు, అది విషం. అక్కడ రంగే చెబుతుంది.) వేడిగా, చప్పగా ఉంటే అది ఇంజను సొంత నీరు. వేడిగా, ఉప్పగా ఉంటే కూలర్ దాటాక కారుతున్న నీరు. చల్లగా, ఉప్పగా ఉందంటే దారులు రెండే: కూలర్‌కి చేరకముందే గొట్టం దగ్గరో పంపు దగ్గరో కారుతూ ఉండాలి, లేదా సముద్రమే తిన్నగా బోటులోకి దూరుతూ ఉండాలి.

ఇక ఇంజను ఆపక తప్పదు. ఆపితేనే ఈ రెండూ విడిపోతాయి.

"మావా, రెండు నిమిషాలు ఇంజను ఆపుతాను. పక్క బోటోళ్లకి రేడియోలో సెప్పి ఉంచు. 16వ ఛానెల్ తెరిచే ఉంచు."

"కోస్ట్ గార్డుని పిలమంటావా?"

"ఇంకా ఒద్దు. పక్క బోటు కనబడేంత దూరంలోనే ఉండమను."

నిషేధం తీరిన రాత్రి కదా, సముద్రం మీద చుట్టూ దీపాలే. వేరే ఏ రాత్రయినా ఈ ధైర్యం నీకుండదు.

తీగ లాగుతావు. ఇంజను వణికి ఆగిపోతుంది.

చెవులు హోరెత్తుతాయి. తర్వాత ఒక్కొక్కటే వినబడతాయి. పలక కొట్టుకునే చప్పుడు. పైన ఎవరో దగ్గిన చప్పుడు. ఎక్కడో వెనక, సన్నగా, నీటి మీద నీరు పడుతున్న చప్పుడు.

నడక ఆగిన బోటు నైరుతి గాలికి పక్కకి తిరుగుతుంది. అల అడ్డంగా తగులుతుంది. నువ్వు ఇంజను పట్టుకుంటావు, చెయ్యి చుర్రుమంటుంది, వదిలేస్తావు. పైన కలాసీలు అప్పుడే చేతి పంపు కొట్టడం మొదలెట్టారు.

"పంపు ఆపండి!"

"ఏటీ?"

"ఆపండి. రెండు నిమిషాలు."

నీళ్లొస్తుంటే పంపు ఆపమన్నవాణ్ణి ఎలా చూస్తారో అలాగే చూస్తారు. ఆపుతారు.

సుద్దముక్క తీస్తావు. బోటు నిటారుగా నిలిచిన క్షణం చూసి, ఇంజను పక్కనున్న చెక్క మీద నీటి అంచుకి ఒక వేలెడు పైన గీత గీస్తావు. మధ్యలోనే గీయాలి. అంచున గీస్తే బోటు ఊగుడుకి నీరు ఎక్కిందో పొర్లిందో తెలీదు. లెక్కపెడతావు. వంద. నూట ఇరవై. బోటు నిటారుగా వచ్చినప్పుడు చూస్తావు.

నీరు లేచింది. గీతని తాకింది గానీ ముంచలేదు.

అంటే ఇంజను ఆగినా నీరొస్తోంది. కానీ నెమ్మదిగా. ఇంత నెమ్మదిగా వచ్చే నీరు, పంపు తోడుతుండగా చీలమండ దాకా లేవదు. కాబట్టి కారుతున్నది ఒక చోట కాదు, రెండు చోట్ల. చాలామంది మొదటిది కనబడగానే అదేనని పైకెక్కేస్తారు. ఆ తప్పుకి ఎంత ఖరీదు పడుతుందో వాళ్లకి గంట తర్వాత తెలుస్తుంది.

"పంపు కొట్టండి!"

నువ్వు వెనక్కి పాకుతావు. గేరు పెట్టె దాటి, షాఫ్టు పక్కన బోర్లా. కడుపు కింద నీరు చల్లగా తగులుతుంది. షాఫ్టు బోటు గోడలోంచి బయటి పంకాకి పోయే చోట ఇత్తడి గ్లాండు ఉంది. దాని లోపల షాఫ్టు చుట్టూ గ్రీజు పట్టించిన తాడు చుట్లు నొక్కి ఉంటాయి; తిరిగే షాఫ్టుకీ సముద్రానికీ మధ్య ఉన్న అడ్డు అదొక్కటే. అక్కణ్ణుంచి చిటికెన వేలంత ధార కారుతోంది. 61 రోజులు షాఫ్టు తిరగలేదు. కదలని తాడు ఒకచోటే అణిగి ఎండింది. మూడు గంటలు గట్టిగా తిరిగేసరికి దారి ఇచ్చేసింది.

గ్లాండుకి రెండు నట్లు. పానా పడుతుంది. ఎడమది ఆరో వంతు తిప్పు. కుడిది ఆరో వంతు. మళ్లీ ఎడమది. ఒకదాన్నే బిగిస్తే గ్లాండు ఒరిగి షాఫ్టుని కొరుకుతుంది. ధార చుక్కలవుతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత సమయం వచ్చేసరికి ఆపేస్తావు. ఒక్క చుక్కా పడకుండా బిగించి మీసం మెలేసేవాళ్లు ఉంటారు. వాళ్ల షాఫ్టు కాలిపోతుంది. తిరిగే షాఫ్టుకి ఆ చుక్కలే చలవ.

ఇప్పుడు రెండోది.

మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసి మెట్టు మీద పడేస్తావు. లుంగీ ఎగ్గట్టి బిగిస్తావు. తిరగబోయే బెల్టు పక్కకి వెళ్తున్నావు. అది గుడ్డ అంచు అందుకుందంటే చెయ్యి అడగదు, మనిషినే అడుగుతుంది. చేతి పంపు పుణ్యమా అని నీరు కాస్త దిగింది, పుల్లీ అంచు బయటపడింది. సెల్ఫ్ కొడతావు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఇంజను అందుకుంటుంది.

సగం వేగం మీద ఉప్పునీటి పంపు చుట్టూ టార్చి వేస్తావు. పంపంతా తడి. "పంపే పోయిందన్నా," అంటాడు నీ వెనకే దిగిన కుర్రాడు. ఎవరైనా అదే అంటారు, విప్పడం మొదలెడతారు. నువ్వు పొడిగుడ్డతో పంపుని శుభ్రంగా తుడుస్తావు. చూస్తావు. రెండు క్షణాల్లో మళ్లీ తడి. కానీ ఆ తడి పంపు అంచుల్లోంచి ఊరడం లేదు, పైనుంచి పడుతోంది. నీరు తగిలిన చోట పగులు ఉంటుందని లేదు. పంపు నుంచి కూలర్‌కి పోయే రబ్బరు గొట్టం పైన పొడిగా ఉంది. కింది భాగం నీకు కనబడదు. కుర్రాడి జేబులో చిన్న అద్దం ఉంటుంది, దువ్వెనతో పాటు. అడిగి తీసుకుని గొట్టం కింద పెట్టి టార్చి కొడతావు.

అదిగో.

గొట్టం ఇనుప కొక్కేనికి రాసుకుని రాసుకుని అరిగిన చోట, నిలువుగా వేలెడు చీలిక. అందులోంచి దూకిన నీరు కొక్కేనికి తగిలి వెనక్కి చిమ్మి పంపు మీద పడుతోంది. ఇంజను వేగం కొంచెం పెంచుతావు. చీలిక నోరు తెరుస్తుంది, నీరు విసురుగా కొడుతుంది. నెమ్మది మీదికి తగ్గిస్తావు. పెదాలు మూసుకుంటాయి, తడి మాత్రం మిగులుతుంది. జెట్టీ దగ్గర నెమ్మది మీద తిప్పి చూసినప్పుడు ఎందుకు కనబడలేదో అద్దంలో తెలుస్తోంది.

"అన్నా, ఇంజను తాగినట్టుంది నీళ్లు, నింపనా?"

తిరిగి చూస్తావు. ముల్లు 100 దాటింది. కుర్రాడు మంచినీటి ట్యాంకు మూత మీద గుడ్డ వేసి చెయ్యి పెట్టాడు.

"తియ్యకు!"

అర్థం కాదు వాడికి. మణికట్టు పట్టి లాగేస్తావు. మూత అంచు నుంచి బుస్సుమని ఆవిరి. లోపల నీరు మూత నొక్కు కిందే మరగకుండా ఆగి ఉంది. మూత లేస్తే నొక్కు పోతుంది. నీరంతా ఒక్కసారి మరిగి పైకి లేస్తుంది. మొహం ఉండదు.

ఇంజను ఆపు.

మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ ఊగుడు.

గొట్టం ముట్టుకునే ముందు సముద్రపు వాల్వు మూయాలి. బోటు అడుగున, పంపు కింద. మోకాళ్ల మీద కూర్చుంటావు. పిడి పట్టి తిప్పుతావు. రాదు. రెండు చేతులూ వేస్తావు. రాదు. పానా తగిలించి నొక్కుతావు.

కిర్రుమంటుంది.

పిడి కాదు. వాల్వు మొదలే కదిలింది.

ఇత్తడి నుంచి పచ్చటి పొడి రాలుతుంది. చెక్కలో కూర్చున్న చోట చుట్టూ నీరు చెమర్చుతుంది. చెయ్యి తీసేస్తావు. ఊపిరి బిగబడుతుంది.

ఇది విరిగితే?

అంగుళం కన్నం. నీటిమట్టానికి రెండడుగుల కింద. నిమిషానికి అరవై లీటర్ల పైనే. చేతి పంపు అలిసిపోతుంది. నీరు అలిసిపోదు.

ఇంకొంచెం నొక్కితే మూసుకోవచ్చు. ఇంకొంచెం నొక్కితే విరగొచ్చు. ఏది?

వదిలెయ్.

వాల్వు పక్కన దారంతో కట్టి ఉంది కొయ్య బిరడా, ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని కొయ్య. తెంపి కుర్రాడి చేతిలో పెడతావు. రెండో చేతిలో సుత్తి.

"దీన్నే సూస్తా కూకో. ఇరిగిందా, కన్నంలో పెట్టి కొట్టు. నన్ను పిలవకు. ముందు కొట్టు."

వాడు తలూపుతాడు. కళ్లు వాల్వు మీంచి తీయడు.

వాల్వు తెరిచే ఉంది కాబట్టి గొట్టం ఊడదీయడానికి లేదు. ఉన్నచోటే కట్టు కట్టాలి. పంపు లోపలి రబ్బరు చక్రం ఆగి ఉంటే నీటిని చాలావరకు ఆపుతుంది. చీలిక దగ్గర ఇప్పుడు ఊరుతున్నది చుక్కలే. పెట్టెలో ఎంసీల్ ఉంది, ముట్టుకోవు. అది ఇనుము మీద రాయి అవుతుంది గానీ, వంగే రబ్బరు మీద పెచ్చుగా లేచిపోతుంది. నీకు కావలసింది పాత సైకిల్ ట్యూబు. నిలువుగా కోస్తావు, రెండు వేళ్ల వెడల్పు పట్టీ. గొట్టాన్ని పొడిగుడ్డతో తుడిచి, చీలికకి బెత్తెడు ఇవతల మొదలుపెడతావు. పట్టీని తెగుతుందేమో అనిపించేంత లాగి, ఆ లాగుడు వదలకుండా చుడతావు. ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పాలి. చీలిక దాటి బెత్తెడు అవతలికి పోయి, మళ్లీ వెనక్కి. వేళ్లు జారుతున్నాయి. బోటు ఒరిగినప్పుడు మోచెయ్యి సైలెన్సర్ గొట్టానికి తగిలి కాలుతుంది. పట్టీ వదలవు. వదిలితే మొదటికొస్తుంది.

దాని మీద వల దారం. ఈ బోట్లో ఏది లేకపోయినా అదుంటుంది. నైలాన్ దారం పక్కపక్కనే చుట్లు వేసి, ఒక్కో చుట్టూ పళ్లతో పట్టి బిగిస్తావు. రెండు కొసలా రెండు క్లిప్పులు. కొక్కేనికీ గొట్టానికీ మధ్య మిగిలిన ట్యూబు ముక్క మడిచి పెడతావు, ఇకమీద రాసుకున్నా దాన్ని రాసుకోనీ.

పైన మావ గొంతు. "అయిందేట్రా? గాలి ఈశాన్యానికి తోసుకుపోతంది."

"ఇంజను సల్లారాలి మావా."

"ఎంతసేపు?"

"అరగంట పైనే."

ఆ అరగంట ఊరికే పోదు. ఆయిల్ కడ్డీ బయటికి లాగి టార్చి కింద పెడతావు. ఈ రాత్రి నీకు అన్నిటికంటే భయం దీని గురించే. ఇంత వేడెక్కిన ఇంజనుకి హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటే మంచినీరు ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్ లేత గోధుమరంగు నురగవుతుంది. అదే కనబడితే ఇక సెల్ఫ్ కొట్టేది లేదు. పక్క బోటుకి తాడు విసరడమే. కడ్డీ మీద ఆయిల్ నల్లగా, జిగురుగా, నురగ లేకుండా ఉంది. మట్టం పెరగలేదు. మరోసారి తుడిచి ముంచి చూస్తావు. అదే.

ట్యాంకు మూత చెయ్యి ఆనించగలిగేంత చల్లబడ్డాక గుడ్డ వేసి కొంచెం వదులు చేసి, ఆవిరి పోనిచ్చి, అప్పుడు తీస్తావు. తాగే నీళ్ల డ్రమ్ము నుంచి తెచ్చిన చెంబుతో కొంచెం కొంచెంగా పోస్తావు. ఒక్కసారి కుమ్మరిస్తే వేడి ఇనుము మీద చన్నీళ్లు పడి హెడ్డు పగులుతుంది.

సెల్ఫ్. అందుకుంటుంది. నెమ్మది మీద ఉంచి కట్టు కింద అద్దం పెడతావు. పొడి. వేగం పెంచుతావు. పట్టీ ఉబ్బుతుంది, ఆగుతుంది. పొడిగానే ఉంది. "ధార లావుగా పడతంది!" పైనుంచి ఎవరో అరుస్తారు. ముల్లు 90కి, తర్వాత ఇంకాస్త కిందికి దిగుతుంది. అడుగు పంపు గుర్రుమంటూ తోడుతోంది.

నువ్వు పైకెక్కవు. కుర్రాడి సంచిలోంచి పౌడరు డబ్బా తెప్పించి కూలర్ మూతల అంచుల మీద, పంపు అతుకుల మీద చల్లుతావు. తెల్లటి పొడి మీద ఎంత సన్నటి చెమ్మయినా నల్లటి గీతయి కూర్చుంటుంది. కూలర్ అంచులు తెల్లగానే ఉన్నాయి. పంపు కింద ఒక చిన్న కన్నం దగ్గర మాత్రం పౌడరు ముద్దయింది, చూస్తుండగా ఒక చుక్క పడింది.

"అన్నా, ఇక్కడ పుల్ల దోపేద్దామా?"

వద్దు. ఆ కన్నం కావాలనే పెట్టింది. పంపు లోపల ఒకపక్క నీటి సీలు, ఇంకోపక్క ఆయిల్ సీలు. నీటి సీలు అరిగితే నీరు బేరింగు మీదికో ఇంజను ఆయిల్లోకో పోకుండా ముందు బయటికొచ్చి కనబడాలని మధ్యలో తొలిచారు. అది మూస్తే చుక్క కనబడదు, అంతే. బేరింగు లోపల కుళ్లుతుంది. ఈ చుక్క వేగానికి పంపు ఒడ్డు చేరేదాకా ఆగుతుంది.

పైకెక్కుతావు. గాలి ఒంటికి తగలగానే ఎంత చెమట పట్టిందో తెలుస్తుంది. తూర్పున కాస్త తెలుపు. పక్క బోటు దీపం అరమైలు దూరంలో ఊగుతోంది.

"అయితే పోదామా?" మావ చుక్కాని వదలకుండానే అడుగుతాడు. వేటకి పోదామా అని.

కిందున్న ఐసు, నిండా పోసిన డీజిల్, రెండు నెలలుగా సంపాదన లేని ఏడుగురు కలాసీలు, అందరూ నీ మొహమే చూస్తున్నారు. కట్టు ఆగుతుంది. గ్లాండు ఆగుతుంది. పంపు చుక్కతో పది రోజులు నెట్టుకురావచ్చు. కానీ ఆ వాల్వు మొదట్లో చెమ్మ ఉంది. లోపలి ఇత్తడి ఎంత మిగిలిందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

"ఎనక్కి తిప్పు మావా. సగం వేగం మీదే."

"ఐసు కరిగిపోద్దిరా."

"కరగనీ. ఆ వాల్వు నీటిలో మార్చేది కాదు, బోటు గట్టెక్కాలి."

మావ ఒక బూతు మాట అంటాడు, నిన్ను కాదు, వాల్వుని. చుక్కాని తిరుగుతుంది, లైట్‌హౌస్ వెలుగు ముందువైపుకి వస్తుంది. రేడియో అందుకుని, ముందు పోయేవాళ్లని పోనివ్వమనీ, పక్క బోటుని మాత్రం హార్బర్ మొగ దాకా వెంట రమ్మనీ దాని సరంగుకి చెబుతాడు. తర్వాత బోటుని గట్టుకి లాగే స్లిప్‌వే ఖాళీ ఉందో లేదో కనుక్కోమంటాడు.

నువ్వు సిగరెట్ పెట్టె అట్ట చింపి రాసుకుంటావు: వాల్వు, ఉప్పునీటి గొట్టాలు (పగిలిందొకటే కాదు, దాని వయసువి అన్నీ), నీటి సీలు, గ్లాండు తాడు. కింద ఇంకోటి చేర్చి రెండుసార్లు గీత గీస్తావు: కొయ్య బిరడాలు, ప్రతి కన్నానికీ ఒకటి.

కిందినుంచి కుర్రాడు అరుస్తున్నాడు. సుత్తి ఇంకా పట్టుకునే ఉండాలా అని.

"ఉండాలి," అంటావు.